ముందు ఆకులు, తర్వాతే పురుగులు

విజయనగరం

అమ్మలూ,

మొక్కలు పెంచే గాజు తొట్టెలో బూజు పడుతోందని, శుభ్రం చెయ్యడానికి ఐసోపాడ్లు, అదే ఒంటి మీద పెంకున్న బుల్లి నేల పురుగులు, ఆర్డర్ పెడతానని రాశావు. ఇంకా పెట్టలేదుగా? కాస్త ఆగు. కొత్త తొట్టెలో బూజు మామూలే, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. బూజు తినడంలో మట్టిలో గెంతే నలుసంత స్ప్రింగ్‌టెయిల్స్ వీటికంటే చురుకు. రెండూ కలిపి పెంచుకోవచ్చు, గొడవ పడవు.

ఐసోపాడ్లని అందరూ ఊడ్చి తుడిచే పనివాళ్లనుకుని తెచ్చుకుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. కుళ్లిన ఆకు, మెత్తబడిన కర్ర, ఇదీ వాటి తిండి. తొట్టె అద్దంలా ఉంటే వాటికి పస్తే. ఆకలేస్తే లేత చిగుళ్ల మీద పడతాయి, నీ ఫెర్న్ పోయాక తిట్టుకుని లాభం లేదు. అందుకని ఇప్పుడే ఆకులు పరిచెయ్యి. మీ వీధిలో బాదం చెట్టు ఉంటే ఎండి రాలినవి ఏరుకో. వేడినీళ్లలో ఉడికించి, ఆరబెట్టి, రెండు వేళ్ల మందాన వెయ్యి. మామిడి, టేకు కూడా పనికొస్తాయి. వేప, నీలగిరి వద్దు. పలాస వెళ్లినప్పుడు జీడి తోటలోంచి మాత్రం పట్టుకురాకు, పూత మీద మందు కొడతారు.

పురుగులంటున్నాను గానీ, నిజానికి ఇవి రొయ్యకీ పీతకీ చుట్టాలు. కడుపు కింద మొప్పల్లాంటి అవయవాలతో ఊపిరి తీస్తాయి. అవి ఆరిపోతే ప్రాణం పోతుంది. ఈ ముక్క ఎక్కడో చదివి, మొదటిసారి నేను రోజూ తొట్టంతా స్ప్రే కొట్టి మూత బిగించాను. అసలే శ్రావణ మాసం. వారం తిరిగేసరికి మట్టి కుళ్లు వాసన, ఇరవైలో మూడు మిగిలాయి. తడెంత ముఖ్యమో గాలీ అంతే. ఒక మూల నాచు పెట్టి అక్కడే నీళ్లు చల్లు, రెండోవైపు పొడిగా వదిలెయ్యి. ఎక్కడుండాలో అవే చూసుకుంటాయి.

కిటికీ పక్కన పెట్టకు. ఎండ తగిలితే మూసిన గాజు పెట్టె పొయ్యి మీద గిన్నెతో సమానం. రోహిణి కార్తెలో నా తొట్టె వంటింట్లో మంచినీళ్ల కుండ పక్కన, నేల మీద ఉంటుంది. మీ పెద్దమ్మ నీళ్లు ముంచుకున్నప్పుడల్లా సణుగుతుంది, పట్టించుకోను.

మన ఇళ్లలో అసలు శత్రువు చీమ. పూర్వం పాల అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు, అదే ఉపాయం ఇక్కడా. చీమల సుద్ద గియ్యకు, దోమల మందు ఆ గదిలో వాడకు. చీమని చంపేది వీటినీ చంపుతుంది.

పెంకు గట్టిపడడానికి సున్నం కావాలి. గుడ్డు పెంకు నూరి చల్లు. చింతపల్లి ఒడ్డున సముద్రపు నురుగు ముక్క, అదే కటిల్ చేప తెల్లటి ఎముక, దొరికితే ఉప్పు పోయేలా కడిగి పెట్టు. ఒంటి మీద పెంకు సగం తెల్లబడిందని గాబరా పడకు. ఇవి కుబుసం రెండు విడతల్లో విడుస్తాయి, ముందు వెనక సగం, తర్వాత ముందు సగం. విడిచింది తీసెయ్యకు, అవే తింటాయి.

నీ తొట్టెకి డ్వార్ఫ్ వైట్ అనే బుల్లి తెల్లవి సరిపోతాయి. మగవి లేకుండానే పిల్లల్ని పెడతాయి, మొక్కల జోలికి పెద్దగా పోవు. డెయిరీ కౌ అనే నలుపు తెలుపు మచ్చల రకం ముచ్చటగా ఉంటాయి కానీ తిండిపోతులు. మొదటి రెండు మూడు నెలలు ఒక్కటీ కనిపించదు. చచ్చాయేమోనని మట్టి తవ్వకు.

డబ్బులు తగలెయ్యకు, నా దగ్గర బోలెడున్నాయి. పైడితల్లమ్మ జాతరకి సిరిమాను చూడ్డానికి వస్తావుగా, మూతకి చిల్లులు పెట్టిన ఐస్‌క్రీం డబ్బా తెచ్చుకో. ఈలోగా నీ ఆకులూ మెత్తబడతాయి. తిరుగు బస్సులో మాత్రం డబ్బా ఒళ్లోనే పెట్టుకో, ఆ రద్దీలో సీటు మీద పెడితే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు.

నీ పెదనాన్న