పారగమ్యంలో ‘పార’ అంటే ఏంటి?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. సైన్సులో పారగమ్యం, పారగమ్యత అని వస్తున్నాయి. పార అంటే నీళ్లు పారడమేనా అమ్మా అని అడిగితే అవుననే చెప్పాను. కానీ ఇంట్లో మేమెవ్వరం ఈ మాట వాడం. అసలు అర్థం ఏంటి, ఎలా వాడాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీరు అలా అనుకోవడంలో వింతేం లేదు, వినగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ నీళ్లు పారడంలోని పారు అచ్చ తెలుగు మాట, ఇది వేరు. సంస్కృతంలో పారం అంటే అవతలి ఒడ్డు. గమ్యం అంటే వెళ్లగలిగింది, చేరదగింది. అంటే ఇవతలి నుంచి అవతలికి దాటిపోనిచ్చేది పారగమ్యం. ఈ పారం మనకి కొత్తదేం కాదు, చదువులో అవతలి ఒడ్డు చేరినవాణ్ణి పారంగతుడు అంటాం, అవతలి ఒడ్డే లేనిది అపారం, అవతలిది కనిపించనిచ్చేది పారదర్శకం. ఈ నాలుగు మాటలూ బాబుకి ఒకచోట రాసివ్వండి, ఇంక మర్చిపోడు.

ఇంట్లో ఎందుకు వాడమంటే, మనం ఎప్పుడూ నీళ్లు ఏం చేశాయో చెప్తాం. వాననీళ్లు ఇంకాయి, గోడకి చెమ్మ దిగింది, కుండ చెమర్చింది, బావిలో నీళ్లు ఊరాయి, మాగాయ ముక్కలకి ఉప్పేస్తే ఊట దిగింది. ఎన్ని మాటలో చూడండి! పారగమ్యం మాత్రం నీళ్ల గురించి కాదు, నీళ్లని పోనిచ్చే వస్తువు గుణం గురించి చెప్తుంది. అందుకే ‘నీరు పారగమ్యం’ అని రాస్తే తప్పు, నేల పారగమ్యం, నీరు దాన్ని దాటేది. ఇంకోటి, దేనికి పారగమ్యమో కూడా చెప్పాలి. కిటికీ అద్దం వెలుగుని పోనిస్తుంది, నీళ్లని పోనివ్వదు. గుడ్డు పెంకుకి కంటికి కనపడని సన్న రంధ్రాలు వేలల్లో ఉంటాయి, లోపలి పిల్లకి గాలి అందేది వాటిలోంచే. పుట్టినరోజుకి ఊదిన బెలూన్, మూతి ఎంత గట్టిగా కట్టినా రెండు మూడు రోజులకి వడిలిపోతుంది కదా, గాలి ఆ రబ్బరు పొరలోంచి మెల్లగా బయటపడుతుంది.

చాలామంది చిల్లులుంటే పారగమ్యం అనుకుంటారు, టీచర్లు కూడా కొందరు అలాగే చెప్పేస్తారు, నాకు బాధేస్తుంది. థర్మాకోల్ నిండా గాలి గదులే, కానీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి లేదు, అందుకే నీళ్లు దిగవు. సందులుంటే చాలదు, సందుకీ సందుకీ దారి ఉండాలి, ఆ దారి మరీ ఇరుగ్గా ఉండకూడదు. బాబుతో ఇది చేయించండి: రెండు ప్లాస్టిక్ బాటిళ్ల అడుగులు కోసి, మూతికి గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టి, ఒకదాంట్లో ఇసుక, ఇంకోదాంట్లో నల్లరేగడి సగం దాకా వేసి తలో గ్లాసు నీళ్లు పొయ్యండి. ఇసుకలోంచి చూస్తుండగానే ధారగా కారతాయి, రేగడి మీద మాత్రం నీళ్లు అలా నిలబడి ఉంటాయి, కిందనుంచి ఎప్పటికో ఒక్కో బొట్టు. లెక్క తీస్తే రేగడిలోనే ఖాళీ ఎక్కువ, కానీ ఆ సందులు మరీ సన్నవి. ఇసుకలోంచి నీరు ఎంత వేగంగా పోతుందో కొలిచి 1856లో సూత్రం రాసింది ఫ్రాన్సులో దిజోన్ ఊరికి నీళ్ల ఏర్పాట్లు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ. ఇప్పటికీ రాళ్ల పారగమ్యతని ఆయన పేరుతోనే డార్సీల్లో కొలుస్తారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ వైపు పొలాలే. నాట్లకి ముందు దమ్ము చేస్తారు కదా, నీళ్లు పెట్టి మట్టిని కలియతొక్కి బురద చేస్తే సందులు మూసుకుపోయి నీళ్లు కిందకి దిగిపోకుండా మడిలో నిలుస్తాయి. పారగమ్యత అన్న మాట వినని రైతులు కూడా దాన్ని ఎలా తగ్గించాలో తరతరాలుగా చేతుల్తో, కాళ్లతో చేసి చూపిస్తున్నారు.

ప్రశ్న: అందంగా ఉంటుందని మంచినీళ్ల కుండకి బయటంతా ఆయిల్ పెయింట్ వేశాం. అప్పట్నుంచి నీళ్లు చల్లబడట్లేదు. కారణం ఇదేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇదేనండీ. కుండ చల్లదనమంతా దాని చెమటలోనే ఉంది. లోపలి నీరు సన్నగా బయటికి చెమర్చి, ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము ఆవిరవడానికి సుమారు 580 కేలరీలు కావాలి, అంటే పది గ్రాములు, రెండు చిన్న చెంచాలు ఆవిరై ఆ వేడంతా లోపలి నీళ్ల నుంచే పోతే లీటరు నీళ్లు 5 డిగ్రీల పైనే చల్లబడతాయి. మీ పెయింటు ఆ దారి మూసేసింది. ఆవకాయ జాడీ చూడండి, అదీ కాల్చిన మట్టే, కానీ పైన గాజులాంటి పూత ఉంటుంది కాబట్టి నూనె, ఊట బయటికి రావు. జాడీకి ఏది మంచిదో కుండకి అదే చెరుపు. కొత్త కుండ కొనుక్కోండి, ఆ పెయింటు గీకినా సందుల్లోది పోదు.

ప్రశ్న: మా ఇంటి ఇంకుడు గుంతలో రెండేళ్లు నీళ్లు బాగా దిగాయి, ఇప్పుడు నిలిచిపోతున్నాయి. పారగమ్యత తగ్గింది అనొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా అనొచ్చు, ఆ మాట వాడాల్సిన చోటే వాడారు. డాబా మీద దుమ్ము, ఆకులు వానతో కొట్టుకొచ్చి పై ఇసుకలో సందులు పూడ్చేస్తాయి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్లు, అన్నీ ఆ పూడిక మీదే నిలబడతాయి. వానలకి ముందు పై ఇసుక తీసి కడిగి ఆరబెట్టి మళ్లీ వెయ్యండి, లేదా మార్చండి. గొట్టం మూతికి జాలీ పెట్టి, మొదటి వాన నీళ్లు గుంతలోకి పోకుండా బయటికి వదిలెయ్యండి. మేస్త్రీ ఎవరైనా అడుగున సిమెంటు వేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.