బలం, శక్తి, సామర్థ్యం ఒకటేనా?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. "బలం, శక్తి, సామర్థ్యం ఒకటే కదా, ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే మార్కులు ఎందుకు పోతాయి?" అని అడుగుతోంది. పదార్థం, ద్రవ్యం, ద్రవం దగ్గరా ఇదే తికమక. వివరించగలరు.
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: అమ్మాయి అడిగినదాంట్లో తప్పేమీ లేదమ్మా. ఒంట్లో బలం లేదన్నా, శక్తి లేదన్నా, మన హైదరాబాదులో తాఖత్ లేదన్నా వినేవాళ్లకు తెలిసేది ఒకటే. భౌతికశాస్త్రం ఈ పాత మాటలనే తీసుకుని ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించింది. 1968లో ఇక్కడే ఏర్పడ్డ తెలుగు అకాడమి పుస్తకాలతో ఇంటర్, డిగ్రీ చదివినవాళ్లకు ఈ తేడా బాగా అలవాటు.

లిఫ్ట్ పనిచేయని రోజున వాటర్ క్యాన్ మోసుకొచ్చే అబ్బాయిని చూపించి అమ్మాయికి చెప్పండి. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు. ఆ నీళ్లు కిందపడకుండా ఎత్తి పట్టుకోవడానికి 196 న్యూటన్లు కావాలి. అది బలం. మూడో అంతస్తు, అంటే సుమారు 9 మీటర్ల ఎత్తుకు చేరేసరికి ఆ నీళ్లలో 1,764 జౌల్స్ అదనంగా చేరతాయి. అది శక్తి. నిమిషంలో ఎక్కాడా, రెండు నిమిషాలు పట్టిందా అన్నదాన్నిబట్టి మారేది సామర్థ్యం. నిమిషంలో అయితే 29 వాట్లు, రెండు నిమిషాలైతే 15 లోపే. మెల్లగా ఎక్కినా బలం అంతే, నీళ్లకు చేరిన శక్తీ అంతే.

బల్బు మీద ఉండే వాట్లు సామర్థ్యం. కరెంటు బిల్లులో ఉండే యూనిట్లు శక్తి. ఒక్క యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. ఆ క్యాన్‌లోని నీళ్లను 2,000 సార్లకు పైగా మూడో అంతస్తుకు చేర్చవచ్చు! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్లీ సరిచూసుకున్నాను. కాబట్టి "ఇన్ని మెగావాట్ల శక్తి" అని రాయడం పొరపాటే. బోరు మోటారు హెచ్‌పీని అశ్వశక్తి అంటున్నాం. అది 746 వాట్లు కనుక అశ్వసామర్థ్యం అనాలి. అయినా అశ్వశక్తి జనం నోట స్థిరపడిపోయింది, మాటల్లో దాన్ని మార్చాలని నేననను. పరీక్షలో మాత్రం సామర్థ్యం అనే రాయమనండి.

ఇక రెండో తికమక. ద్రవం అంటే పారేది: నీళ్లు, నూనె, పాలు. ద్రవ్యం వేరే మాట, దానికి వస్తువు అనీ ధనం అనీ రెండర్థాలు. సుగంధ ద్రవ్యాల్లో మొదటిది, ద్రవ్యోల్బణంలో రెండోది. ద్రవ్యరాశి అనగానే డబ్బు కుప్ప గుర్తొస్తే పిల్లల తప్పు కాదు. అక్కడ ద్రవ్యం అంటే వస్తువు, ఆ వస్తువు ఎంత ఉందో చెప్పే కొలతే ద్రవ్యరాశి.

పదార్థం నాకు చాలా ఇష్టమైన మాట. పదం, అర్థం కలిసి పుట్టింది. మాట దేన్ని చెబుతుందో అదంతా పదార్థమే. అందుకే తర్కశాస్త్రంలో గుణం, కర్మ, చివరికి లేకపోవడం అనే అభావం కూడా పదార్థాల లెక్కలోకి వస్తాయి. అక్కడ ద్రవ్యం ఏడు పదార్థాల్లో ఒకటి మాత్రమే. భౌతికశాస్త్రం దీన్ని బాగా కుదించి, చోటు ఆక్రమించేది, ద్రవ్యరాశి ఉన్నది మాత్రమే పదార్థం అంది. ఆ లెక్కన కాంతి పదార్థం కాదు. మిఠాయి దుకాణాల బోర్డుల మీద "ఆహార పదార్ధాలు" అని ధ వత్తుతో కనిపిస్తుంటుంది. అర్ధం అంటే సగం. అలా రాస్తే సగం మాట అయిపోతుంది, థ వత్తే రాయాలి.

"పదార్థం శక్తిగా మారుతుంది" అన్న వాక్యం మీ అమ్మాయికి ముందు ముందు ఎదురవుతుంది. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన E = mc² సూత్రంలో E అంటే శక్తి, m అంటే ద్రవ్యరాశి, c అంటే కాంతి వేగం. ఒక్క గ్రాము ద్రవ్యరాశికి సరిపడే శక్తి రెండున్నర కోట్ల కరెంటు యూనిట్లు. అందుకే ఆ వాక్యంలో పదార్థం తీసేసి ద్రవ్యరాశి అని రాయమంటాను.