సొంత వ్యాపారమే.. అయినా ఫోన్ తీయబుద్ధి కావట్లేదు!

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నా. ఒకప్పుడు ఆదివారం కూడా ఇష్టంగా వెళ్లేవాడిని. ఆరు నెలలుగా లేస్తూనే నీరసం. కస్టమర్ ఫోన్ చేస్తే తీయబుద్ధి కాదు. పనివాళ్ల మీద ఊరికే అరుస్తున్నా. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, రావాల్సిన బిల్లులు లెక్కపెట్టుకుంటున్నా. పది రోజులు ఎటైనా వెళ్లొస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: వెళ్లిరండి, కాదనను. కానీ తిరిగొచ్చాక అవే ఫోన్లు, అవే బాకీలైతే ఆ హాయి కొద్ది వారాలకు మించి నిలవదు.

మీ లక్షణాలు బర్నౌట్‌లా ఉన్నాయి. సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన.. ఈ మూడూ దాని గుర్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పని ఒత్తిడి ఎడతెగక సాగితే వచ్చే స్థితి అంటుంది. అయితే అలా తేల్చేముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్, బీపీ చూపించుకోండి. గురక పెడుతున్నారేమో ఇంట్లో అడగండి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య) ఉన్నవాళ్లూ పొద్దున్నే ఇలాగే నీరసంగా లేస్తారు.

‘ఇష్టమైన పనే కదా, నాకెందుకొస్తుంది’ అనుకుంటారు చాలామంది వ్యాపారులు. ఇష్టమున్నవాళ్లే ఆపకుండా చేస్తారు మరి! పైగా ఇంటికి పొమ్మనడానికి మీ పైన ఎవరూ లేరు.

డిస్పాచో, ముడిసరుకు ఆర్డరో.. ఏదో ఒకటి పూర్తిగా సూపర్‌వైజర్‌కి వదిలేయండి. చిన్న పొరపాటు జరిగినా వేలు పెట్టకండి. బిల్లుల లెక్క సాయంత్రమే కాగితం మీద రాసేయండి. మీ యూనిట్‌కి సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉంటే, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా కొన్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. లేదంటే ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. డాక్టర్‌కి ఈ గొడవెందుకంటారా? మీ నిద్ర చెడగొడుతున్నది ఆ బాకీలే కదా. నిద్ర కోసం పెగ్గు మాత్రం వద్దు. మొదట మత్తొచ్చినా అర్ధరాత్రి లేపేది అదే.

ఒక్క విషయం గమనించుకోండి. యూనిట్ మీదే కాక పిల్లలు, తిండి, స్నేహితులు.. దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులు, కౌన్సెలింగ్ బాగా పనిచేస్తాయి, సైకియాట్రిస్ట్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.