ఆబ్జెక్ట్ డేటాబేస్ పెట్టుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మధురవాడలో ఉద్యోగం మానేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఓడల మరమ్మతు యార్డులకు పైపుల డిజైను సాఫ్ట్‌వేర్ తయారు చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె దిగులు జీతం గురించి. నా దిగులు వేరు. సమాచారాన్నంతా వరుసలుగా రాసే టేబుళ్ళలో కాకుండా, వస్తువులను వాటి మధ్య లంకెలతో సహా దాచే ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో, అందులోనూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళ జెడ్‌ఓడీబీలో పెట్టాలని నిర్ణయించుకున్నావని తెలిసి గర్వంగానే అనిపించింది గానీ, ఆ రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

నీ ఎంపిక తప్పని అనను. షిప్‌యార్డు ఉన్న సింధియా వైపు వెళ్ళినప్పుడల్లా ఓడ లోపల ఏముంటుందని నన్ను అడిగేదానివి. ఎక్కువగా ఉండేవి పైపులే. ఓడను నిలకడగా ఉంచే నీటిని మోసే బాలస్ట్ లైనులో పైపు ముక్కలుంటాయి, వాటిని కలిపే ఫ్లాంజులుంటాయి, ఫ్లాంజుల మధ్య గాస్కెట్లు, బిగించడానికి బోల్టులు, దారిలో వాల్వులు ఉంటాయి. అదే వాల్వు బాలస్ట్ వ్యవస్థకూ చెందుతుంది, తాను కూర్చున్న కంపార్ట్‌మెంటుకూ చెందుతుంది, బరువుల లెక్కలోకీ వస్తుంది. దీన్ని టేబుళ్ళుగా విడగొడితే ఒక్క లైనును తెర మీదకు తేవడానికి టేబుళ్ళను కలిపే జాయిన్లు అరడజను రాయాలి. ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో ప్రతి వస్తువుకూ తనదైన గుర్తింపు ఉంటుంది, లోపలి విలువలన్నీ మారినా ఆ గుర్తింపు మారదు. వాల్వు నుంచి ఫ్లాంజుకూ, ఫ్లాంజు నుంచి గాస్కెట్‌కూ నేరుగా వెళ్ళవచ్చు, అవసరమైన వస్తువు అవసరమైనప్పుడే డిస్కు నుంచి మెమరీలోకి వస్తుంది. ఇంత చిక్కుగా అల్లుకున్న సమాచారానికి ఇది సరిపోయే పద్ధతే.

అయితే దీని చరిత్ర నా కళ్ళ ముందు నడిచింది. 1989లో అట్కిన్‌సన్, బాన్సిలాన్, డెవిట్ మొదలైన ఆరుగురు పరిశోధకులు కలిసి, ఇలాంటి డేటాబేస్‌కు ఉండి తీరవలసిన లక్షణాలేమిటో రాసిన పత్రాన్ని మేము జెరాక్సు తీయించుకుని చదివాం. 1993లో ఈ డేటాబేస్‌ల కోసం ఓడీఎంజీ అనే బృందం తెచ్చిన ప్రమాణమూ, దానితో ఓక్యూఎల్ అనే, కావలసింది అడిగి తెచ్చుకునే క్వెరీ భాషా వచ్చేసరికి, టేబుళ్ళ పని అయిపోయిందన్నవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉండేవారు. 2001లో ఆ ఓడీఎంజీ బృందమే పని చాలించింది. 1980లలో పుట్టిన జెమ్‌స్టోన్ లాంటివి నేటికీ నడుస్తున్నాయి, కాదనను. కానీ అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో కణాలు ఢీకొన్న ఘటనలను నమోదు చేసే బాబర్ ప్రయోగం వాళ్ళు వందల టెరాబైట్ల సమాచారాన్ని ఆబ్జెక్టివిటీ అనే ఆబ్జెక్ట్ డేటాబేస్‌లో పెట్టి, తర్వాత ఆ ఘటనల సమాచారాన్ని రూట్ అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళలోకి మార్చుకున్నారు. వాళ్ళకు మనుషులున్నారు, యంత్రాలున్నాయి, మార్చుకోగలిగారు. మీరు ముగ్గురే. నా భయమంతా అక్కడే ఉంది.

బ్యాకప్ తీయమని నీకు చెప్పనక్కరలేదు. ఒక కాపీ మాత్రం ఊరి బయట ఉండాలని, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును ఇక్కడే ఉండి చూసినవాడిగా గట్టిగా చెబుతున్నాను. జెడ్‌ఓడీబీలో ఒక వస్తువును మార్చిన ప్రతిసారీ దాని కొత్త నకలు ఫైలు చివర చేరుతుంది, పాతది అలాగే ఉంటుంది, కాబట్టి పాత నకళ్ళనూ ఎవరికీ అందని వస్తువులనూ ఏరివేసేలా ప్యాక్ చేస్తూ ఉండు. ఆబ్జెక్టు లోపల మామూలు పైథాన్ లిస్టు పెట్టి దానికి ఏదైనా చేరిస్తే, ఆ మార్పు డేటాబేస్ దృష్టికి రాదు; తన మార్పును తానే తెలియజేసే పర్సిస్టెంట్ లిస్టు వాడు. పెద్ద జాబితాలకు, వాటిని ముక్కలుగా దాచి త్వరగా వెతకనిచ్చే బీట్రీలు వాడు.

ఇక అసలు చెప్పదలచుకున్న సంగతి. నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దులే, ఇంజన్ రూము పైపుల డిజైను ఆబ్జెక్ట్ డేటాబేస్ మీదే నడిచేది. అన్నిటికీ మొదలైన రూట్ ఆబ్జెక్టు నుంచి చేరుకోగలిగిన ప్రతి వస్తువూ దానంతట అదే డిస్కులో నిలిచిపోవడం, ఎవరికీ అందని వస్తువును చెత్తగా ఏరివేయడం దాని పద్ధతి. ఇటీవల తెరిచిన వస్తువుల జాబితా ఒకటి తెర మీద కనిపిస్తే బాగుంటుందని డ్రాఫ్ట్స్‌మన్లు అడిగారు. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు మధ్యాహ్నానికల్లా రాసిచ్చాడు. ఆ జాబితాను ప్రాజెక్టు ఆబ్జెక్టుకే తగిలించాడు, అలా తగిలిస్తే దాన్ని దాచడానికి ఒక్క లైను కోడు కూడా రాయనక్కరలేదు మరి. అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని నెలల తర్వాత స్టోర్సు గుమాస్తా డ్రాయింగునూ మెటీరియల్ లిస్టునూ పట్టుకుని మా గదికి వచ్చాడు. ఓడ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ లైను డ్రాయింగులో కనిపించిన ప్రతి వాల్వుకూ లిస్టులో ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడట. చివరికి టిక్కు పడని గేటు వాల్వులు కొన్ని మిగిలాయి. మా పెద్దాయన ఆ గుమాస్తానే మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. కంప్యూటరు కాగితానికి ఉన్న గౌరవం ఆఫీసుల్లో పెన్సిలుకు ఎక్కడిది? అతను అక్కడే నిలబడి మళ్ళీ లెక్కపెట్టాడు, తేడా అలాగే ఉంది.

జరిగింది ఇదీ. డ్రాఫ్ట్స్‌మన్ ఒక వాల్వును తీసేస్తే, ప్రోగ్రాం దాన్ని పైపు నుంచి విడదీసి వదిలేసేది. ఇంకెవరూ పట్టుకుని లేరు గనుక అది చెత్తలో పోతుందని నమ్మకం. కానీ ఇటీవల తెరిచినవాటి జాబితా దాన్ని పట్టుకునే ఉంది. డ్రాయింగు రూట్ నుంచి లైను వెంబడి వెళుతూ గీసేది గనుక అందులో ఆ వాల్వు లేదు; మెటీరియల్ లిస్టు వాల్వు క్లాసుకు, అంటే వాల్వు అనే రకానికి, చెందినవన్నీ ఇమ్మని అడిగేది గనుక అందులో ఉంది. రెండూ ఒకే డేటాబేస్‌ను చదివాయి, రెండూ రాసింది రాసినట్టే పనిచేశాయి. అప్పటికే కొన్ని వాల్వులకు ఆర్డరు వెళ్ళిపోయింది. ఆ కుర్రవాడిని అందరి ముందూ కేకలేశారు. అది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఒక వాల్వు ఓడలో ఉందని చెప్పడానికి ఏది ఆధారమో ఆ ఆఫీసులో ఎవరూ రాసిపెట్టలేదు. టేబుళ్ళలోనూ పనికిరాని వరుసలు మిగులుతాయి, నిజమే. అయినా అక్కడ బయటివాడెవడైనా టేబుళ్ళను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాషలో ఒక వాక్యం రాసి రెండు లెక్కలనూ పోల్చి చూడగలడు. ఇక్కడ ఆ పోల్చడానికి కూడా మా ప్రోగ్రామే కావలసి వచ్చింది.

జెడ్‌ఓడీబీలో క్లాసుకు చెందినవన్నీ తెచ్చే సౌకర్యమే లేదు కదా మావయ్యా అని నువ్వు వాదనకు దిగుతావు; చిన్నప్పటినుంచీ అంతేగా. క్వెరీ భాష లేదు గనుకనే వాల్వులను వెతకడానికి నువ్వే బీట్రీలతో ఇండెక్సు కట్టుకుంటావు. లైను నుంచి తీసిన వాల్వును ఇండెక్సు నుంచి తీయడం మరిచావంటే, ఎన్నిసార్లు ప్యాక్ చేసినా అది పోదు, వెతికినప్పుడల్లా దొరుకుతుంది. అందువల్ల తీసివేత అంతా ఒకే ఫంక్షను ద్వారా జరగాలి. రోజూ రాత్రి రూట్ నుంచి లైన్ల వెంబడి నడిచి లెక్కపెట్టిన వాల్వులనూ, ఇండెక్సులోని వాల్వులనూ పోల్చే చిన్న ప్రోగ్రాం ఒకటి నడవాలి. తెర సౌకర్యం కోసం పెట్టుకునే జాబితాలను ఆ ఫైలు దరిదాపులకు రానివ్వకు.

మరొకటి. ఫైలులో ప్రతి ఆబ్జెక్టుతో పాటు దాని క్లాసు పేరూ, ఆ క్లాసు ఉన్న మాడ్యూలు, అంటే కోడు ఫైలు, పేరూ నిల్వ అవుతాయి. కోడు సర్దుతూ మాడ్యూలు పేరు మార్చావంటే, పాత ఆబ్జెక్టులకు తమ క్లాసు దొరకక అవి పనికిరాకుండా తెరుచుకుంటాయి. పాత పేరు కూడా కొత్త చోటును చూపేలా అలాగే ఉంచు. ఇంజినీరు ఒక లైనును తీసుకుని వారం పాటు పనిచేస్తాడు, అన్నాళ్ళు ట్రాన్సాక్షన్ను, అంటే మార్పులన్నీ ఒకేసారి ఖాయమయ్యే పనిని, తెరిచి ఉంచలేవు. లైనుకు నకలు తీసి ఇచ్చి, పని అయ్యాక తిరిగి చేర్చుకునే ఏర్పాటు మీరే కట్టుకోవాలి.

మొదటి యార్డు వాళ్ళు సంతకం పెట్టకముందే, మొత్తం సమాచారాన్ని కామాలతో విడదీసిన సాదా సీఎస్‌వీ ఫైళ్ళుగా బయటకు రాసే ప్రోగ్రాం సిద్ధం చేయి. డేటాబేస్ ఇచ్చిన లోపలి గుర్తింపును నమ్ముకోకుండా, ప్రతి వాల్వుకూ నువ్వే ఒక నంబరు ఇవ్వు. ఆ ఫైళ్ళను టేబుళ్ళ డేటాబేస్ అయిన ఖాళీ పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించి, లెక్క సరిపోయిందో లేదో నాకు రాయి. అది సరిపోయిందని తెలిస్తే, రేపు జెడ్‌ఓడీబీని వదలవలసి వచ్చినా మీకు దారి ఉందని నేను నిశ్చింతగా ఉంటాను.

చేతిలో డబ్బు ఆడని నెలలో అద్దె సంగతి మీ అమ్మ చెవిన వేయకు, నాకు చెప్పు. ఆదివారం భోజనానికి రమ్మని మీ అత్తయ్య చెప్పమంది. వచ్చేటప్పుడు క్లాసుల చిత్రం పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకుని రా, తెర మీద నాకు కళ్ళు ఆనడం లేదు.

ఇట్లు,
మీ మావయ్య
విశాఖపట్నం