బకెట్ స్నానానికి బుస్సుమనే ఉండలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగం ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చినవే. నీళ్ళలో వేయగానే బుసబుసా పొంగే బాత్ బాంబులను పిల్లలతో ఇంట్లో ఎలా చేయించాలని అందరూ అడిగారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి ఐదు. వీడియోల్లో చూసి బాత్ బాంబులు చేద్దామని ప్రాణం తీస్తున్నారు. మా ఇంట్లో టబ్బు లేదు, బకెట్ స్నానమే. చేసినా దండగేనా? కొలతలు కూడా చెప్పండి. (ఒక తల్లి, పర్లాకిమిడి)

దండగ కాదమ్మా, కాకపోతే చిన్నవి చెయ్యాలి. 1989లో ఇంగ్లండులో, లష్ అనే సౌందర్య సాధనాల కంపెనీ స్థాపకుల్లో ఒకరైన మో కాన్‌స్టంటైన్ వీటిని మొదటిసారి చేసింది తొట్టి స్నానం కోసం. అందుకే బజార్లో దొరికేవి బంతంత ఉంటాయి. మన 18 లీటర్ల బకెట్‌కి 30 గ్రాముల ఉండ సరిపోతుంది. చిన్న టబ్బులో కాళ్ళు నానబెట్టుకోవడానికైతే అందులో సగం చాలు.

వంటసోడా 200 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 100 గ్రాములు, కార్న్ ఫ్లోర్ 50 గ్రాములు, కొబ్బరి నూనె రెండు టీ చెంచాలు. వీటితో పన్నెండు ఉండల దాకా వస్తాయి. ఒడియా కొట్లో అడిగేటప్పుడు ‘ఖాయిబా సోడా’ అని స్పష్టంగా చెప్పండి. ఒట్టి ‘సోడా’ అంటే చాకలి సోడా పొట్లం కట్టి ఇవ్వవచ్చు, దానితో చేస్తే పిల్లల ఒళ్ళు మండిపోతుంది. బేకింగ్ పౌడర్ కూడా వద్దు, అందులో సోడా కొంతే ఉంటుంది కాబట్టి పొంగు నీరసంగా వస్తుంది. కార్న్ ఫ్లోర్ అంటే తెల్లటి గంజి పొడి, పచ్చని మొక్కజొన్న పిండి కాదు. అది లేకపోతే పాలగుండ వేసుకోవచ్చు. ధర ఎక్కువే గానీ పని అదే చేస్తుంది: తేమను పీల్చుకుని పొంగును కాస్త నెమ్మదింపజేస్తుంది.

నిమ్మ ఉప్పు పలుకులుగా ఉంటే పొడి మిక్సీలో వేసి మెత్తగా చెయ్యాలి. ఈ పని పెద్దవాళ్ళదే. తిప్పిన వెంటనే మూత తీస్తే ఆ ధూళి ముక్కుల్లోకీ కళ్ళలోకీ వెళ్ళి మండిస్తుంది, ఐదు నిమిషాలు ఆగి తీయండి. తర్వాత పొడులన్నీ కలిపి జల్లించడం బాబుకి, తూకం వేయడం పాపకి అప్పజెప్పండి. నూనె పోసి వేళ్ళతో ఉండలు లేకుండా నలపాలి. వేళ్ళకి గోరుచుట్టో గీతలో ఉంటే నిమ్మ ఉప్పు తగిలి చురుక్కుమంటుంది, ఆ రోజుకి తొడుగులు వేయండి.

ఇక నీళ్ళు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. చెంచాతో పొయ్యకూడదు, స్ప్రే సీసాతో ఒక్కసారి చిమ్మి వెంటనే కలపాలి, మళ్ళీ చిమ్మి కలపాలి. ఐదారు చిమ్ములకి మించి పట్టదు. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తట్టితే విడిపోవాలి. సున్నుండలు చుట్టే పిండి ఎలా ఉంటుందో అంత పొడిగా ఉంటే చాలు. గిన్నెకి చెవి దగ్గరగా పెట్టినప్పుడు చిటచిటమని సన్నని చప్పుడు వస్తుంటే తడి ఎక్కువైనట్టే. ఇంకో గుప్పెడు కార్న్ ఫ్లోర్ చల్లి గబగబా కలిపేయండి.

అచ్చులకి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ప్లాస్టిక్ కజ్జికాయల అచ్చు, మోదకాల అచ్చు, ఐస్ ట్రే ఏదైనా సరే. అల్యూమినియం మాత్రం వద్దు, దానికి పులుపు పడదు. గట్టిగా అదిమి పళ్ళెంలో పరిచిన బట్ట మీద బోర్లించి, ఫ్యాను కింద ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. ఐస్ ట్రేలో పెట్టినవైతే పన్నెండు గంటలు అందులోనే ఆరనిచ్చి తర్వాత తీయండి. ఆరాక చూడటానికి అచ్చం కొబ్బరి లడ్డూలే. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే ఎత్తైన అలమారలో పెట్టండి.

ప్రశ్న: రెండుసార్లు చేశాం. మొదటివి రాత్రికి రాత్రే ఉబ్బి, ఒంటినిండా పొక్కులు లేచి పగిలాయి. రెండోసారి నీళ్ళు తగ్గిస్తే చేతిలోనే పొడైపోయాయి. మొగలి వాసన కోసం కేవడా నీళ్ళు చల్లాం, అదేమైనా కారణమా? (ఒక పాఠకురాలు, బరంపురం)

మొదటిసారి సగం తప్పు కేవడా నీళ్ళదే, మిగతా సగం మీ ఊరి గాలిది. మీ జిల్లా మొగలి పువ్వుకి పెట్టింది పేరు, ఆ వాసన కావాలనుకోవడం సహజమే. కానీ సీసాలో అమ్మే కేవడా నీళ్ళు దాదాపు ఒట్టి నీళ్ళే. వాటికి బదులు నూనెలోకి దించిన మొగలి అత్తరు రెండు చుక్కలు కొబ్బరి నూనెలో కలిపి పోయండి. అంతకు మించితే పిల్లలకి తలనొప్పి. వంటలో వాడే ఎసెన్సులోనూ నీళ్ళుంటాయి, అదీ వద్దు.

వంటసోడా, నిమ్మ ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే ఉన్నా ఊరుకుంటాయి. తడి తగిలితే కలిసిపోయి కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతాయి. ఈ చర్యలో నీరు కూడా పుడుతుంది. ఆ నీరు పక్కనున్న పొడిని తడుపుతుంది, అక్కడ మళ్ళీ గాలీ నీరూ పుడతాయి. ఒక్క చుక్క ఎక్కువైనా రాత్రంతా లోపల అలా నడుస్తూనే ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి పొక్కులు కనిపిస్తాయి. పైగా గోపాలపూర్ సముద్రం మీకు కూతవేటు దూరం, జూన్ నుంచి అక్టోబరు దాకా గాల్లోనే కావలసినంత తడి.

వానాకాలంలో చెయ్యక తప్పదంటే ఏసీ గదిలో చేసి, అక్కడే ఆరబెట్టండి. డాబా మీద పెట్టొద్దు. ఫ్రిజ్‌లో అసలే వద్దు, బయటికి తీయగానే చెమట పడుతుంది. నిమ్మ ఉప్పు ప్యాకెట్ మీద ‘అన్‌హైడ్రస్’ అని ఉన్నది కొనండి. ‘మోనోహైడ్రేట్’ రకంలో నూటికి 8, 9 గ్రాముల నీరు పలుకులోనే ఇమిడి ఉంటుంది. నీళ్ళకి బదులు మందుల షాపులో దొరికే స్పిరిట్ చిమ్మితే పొంగకుండానే ముద్ద కడుతుంది, తర్వాత ఆవిరైపోతుంది. కానీ అది మంటంటుకునే సరుకు. వంటింట్లో వాడకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. కిటికీ తెరిచి మీరే చిమ్మండి.

రెండోసారి పొడవ్వడానికి కారణం నీళ్ళు తగ్గడం ఒక్కటే కాదు, అదమడం చాల్లేకపోవడం కూడా. పిల్లల చేతి బలం సరిపోదు. అచ్చు నిండా వాళ్ళని పోయనిచ్చి, చివరి నొక్కు మీరు నొక్కండి. పొడైనదాన్ని పారేయకండి, రెండు చెంచాలు బకెట్‌లో వేస్తే అదే పొంగు వస్తుంది.

ప్రశ్న: డిసెంబరులో చేశాం. నీళ్ళలో వెయ్యగానే తెల్లటి నూనె ముక్కలు పైకి తేలాయి. ఎందుకు? (ఒక తండ్రి, జయపురం)

మీ కొండల చలిలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది బాబూ. సుమారు 24 డిగ్రీల కింద అది నూనెగా ఉండదు. కరిగించి పోసినా చల్లటి పొడి తగలగానే పలుకులవుతుంది. గిన్నెను పొడి గుడ్డతో చుట్టి ఎండలో కాస్త వెచ్చబెట్టి కలపండి. లేదా చలికాలం మట్టుకు బాదం నూనె వాడండి. నువ్వుల నూనె కూడా పనికొస్తుంది, ఆ వాసన మీ పిల్లలు భరిస్తే. స్నానం నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. స్నానాల గది నేల మీద నూనె జిడ్డు పేరుకుంటుంది, పిల్లలు బయటికి రాగానే సబ్బు నీళ్ళతో కడిగేయండి.

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలతో బడిలో చేయించి, అందులోని సైన్సు చెప్పాలనుకుంటున్నాను. రంగుకి పసుపు వేస్తే ఆరేలోపే ఎర్రటి మచ్చలు వచ్చాయి. (ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం)

మచ్చల్ని దాచకండి మాస్టారూ, మీకు కావలసిన పాఠం అక్కడే ఉంది. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం వేస్తే జరిగేదీ అదే. ఉండలో తడి ఎక్కడ నిలిచిందో అక్కడ సోడా కరిగి పసుపును మార్చింది, అంటే ఆ మచ్చలు మీ కలపడంలో లోపాన్ని పటం గీసి చూపిస్తున్నాయి. మచ్చ లేని రంగు కావాలంటే తినే రంగు పొడి చిటికెడు, పొడులతోనే కలిపేయండి. ద్రవంగా ఉండే రంగుల్లో నీళ్ళుంటాయి. హోళీ రంగులు, ముగ్గు రంగులు ఒంటికి మంచివి కావు.

లెక్క ఇదీ. 192 గ్రాముల నిమ్మ ఉప్పుకి 252 గ్రాముల వంటసోడా సరిగ్గా సరిపోతుంది, అంటే ఒకటికి 1.3. మనం ఒకటికి రెండు వేస్తాం, ఎందుకంటే మిగిలేది పులుపైతే చర్మం చిమచిమలాడుతుంది, సోడా అయితే అంత బాధ ఉండదు. పై కొలతలతో చేసిన 30 గ్రాముల ఉండ సుమారు 3 లీటర్ల గాలిని వదులుతుంది. అందుకే తడి తగిలిన పొడిని సీసాలో పోసి మూత బిగించకూడదని పిల్లలకి గట్టిగా చెప్పండి, సీసా పేలిపోతుంది. గ్లాసు నీళ్ళలో చెంచాడు పొడి వేసి గ్లాసు అడుగు పట్టుకోమనండి, చల్లబడటం వాళ్ళ చేతికే తెలుస్తుంది. ఈ చర్య వేడిని లోపలికి తీసుకుంటుంది. గ్యాస్‌కి తాగే ఈనోలో పొంగేవీ ముఖ్యంగా ఈ రెండే.

ప్రశ్న: నిమ్మ ఉప్పు దొరక్కపోతే నిమ్మరసం పిండొచ్చా? మా రెండేళ్ళ పాపకి వాడొచ్చా? (ఒక పాఠకురాలు, రాయగడ)

నిమ్మరసం పిండితే గిన్నెలోనే పొంగి చల్లారిపోతుంది, ఉండ రాదు. రెండేళ్ళ పాపకి వద్దమ్మా, సున్నిపిండే మేలు. కొంచెం పెద్ద పిల్లలకైనా గజ్జి, తామర, పగుళ్ళు ఉంటే మానెయ్యండి. మిగతావాళ్ళకి వారానికోసారి చాలు, ఆ నీళ్ళు తలకి పోయకుండా ఉంటే మంచిది. చివర్లో రెండు చెంబులు మామూలు నీళ్ళు పోయండి. బాగా ఆరిన ఉండల్ని ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టుకుంటే రెండు మూడు నెలలు పొంగు తగ్గదు. మిగిలిన స్నానం నీళ్ళు తులసి కుండీలో పొయ్యకండి, సోడా మొక్కకి పడదు.