గట్టు మీద మరమనిషి

అమ్మలూ,

నీ సినిమా స్క్రిప్ట్ చదివాను. మరమనిషిని మన ఊళ్లోకి దింపడం బాగుంది. కానీ సగం కథ అయ్యేసరికి అది లోకాన్ని ఏలేస్తానంటోంది. అదంతా తీసెయ్. 1927 నాటి ‘మెట్రోపోలిస్’ నుంచి శంకర్ 2010లో తీసిన ‘రోబో’ దాకా మనుషుల మీద తిరగబడే యంత్రాన్ని జనం చూస్తూనే ఉన్నారు. వాళ్ల సెట్టింగులూ గ్రాఫిక్సూ నీకెక్కడివి? నీకున్నది కోనసీమ. మరమనిషికి అంతకంటే విలన్ ఎవరమ్మా?

రెండు కాళ్ల యంత్రానికి నడకే పెద్ద గండం. హోండా వాళ్లు 2000లో చూపించిన అసిమో అనే మరమనిషి, చదునైన నేల మీద కూడా మోకాళ్లు కాస్త వంచే నడిచేది. కాలు పూర్తిగా చాపేస్తే బ్యాలెన్స్ దిద్దుకోవడం కష్టం. అలాంటిదాన్ని దాళ్వా, అంటే రెండో పంట నాట్లప్పుడు తడి గట్టు మీదకి ఎక్కించు. నారుకట్టలు మోస్తున్న ఆడమనిషి పక్కనుంచి చకచకా దాటిపోవాలి. ఇది ఒక అడుగు వేసి, నేల దిగబడుతోందని పసిగట్టి, బరువు వెనక్కి తీసుకుని నిలబడిపోవాలి. ఆ షాట్ మధ్యలో కట్ చెయ్యకు. అది కుదిరితే సైంటిస్టు చేత చెప్పించిన రెండు పేజీల డైలాగు అక్కర్లేదు.

మరమనిషి సూట్ వేసే కుర్రాడి నెత్తిన నీళ్ల చెంబు పెట్టి, మోకాళ్లు వంచి నడిపించు. మనం నడిస్తే తల పైకీ కిందకీ ఊగుతుంది, వాడికి ఊగకూడదు. ఎవరైనా పిలిస్తే మన కళ్లు ముందు తిరుగుతాయి, తర్వాత తల. వాడు కళ్లు కదపకుండా తల తిప్పాలి, ఆగాలి, ఆ తర్వాత భుజాలు. చేతులు విదిలిస్తూ గొంతు గరగరలాడిస్తే తీర్థంలో పగటివేషగాడిలా ఉంటాడు.

ముఖం అచ్చం మనిషిలా చేయించే ఆలోచన మానుకో. యంత్రం మనిషిని పోలినకొద్దీ ఇష్టం పెరుగుతుంది గానీ, దాదాపు మనిషే అనిపించే దగ్గర వెగటు పుడుతుందని జపాన్ రోబో నిపుణుడు మసాహిరో మోరి 1970లోనే రాశాడు. సాదా మాస్కు చాలు. వెండి రంగు కూడా వద్దు, ఎండలో ఫోమ్ షీట్ బండారం బయటపడుతుంది. మాసిన తెలుపు వేసి, మోకాళ్ల దాకా ఒండ్రు పట్టించు. బురద ఎక్కడిదాకా ఉందో షాట్ షాట్‌కీ ఫొటో తీసి పెట్టుకో.

ఇక దాని బుర్ర. నీ మరమనిషి ప్రతి ప్రశ్నకీ ‘లెక్కిస్తున్నాను’ అంటోంది. ఇప్పటి ఏఐ అలా తడుముకోదు. తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి వాక్యం అల్లేస్తుంది, కాబట్టి తప్పు కూడా మహా ధీమాగా చెబుతుంది. ‘సార్వాకి కాలువలు ఎప్పుడు వదులుతారు?’ అని తొలి పంట కోసం రైతు అడగాలి. ఇది ఠక్కున తారీఖు చెప్పాలి. ఊరంతా నమ్మి ఆకుమళ్లు సిద్ధం చేసుకుంటే, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి చుక్క నీరు రాదు. జనం వెళ్లి నిలదీస్తారు. ఇది మర్యాదగా క్షమాపణ చెప్పి, అంతే ధీమాగా ఇంకో తారీఖు చెబుతుంది. హాల్లో జనం నవ్వుతారు, కొంచెం భయపడతారు కూడా. ఆయుధాలు పట్టిస్తే ఆ భయం రాదు.

మే నెలలో సూట్ సీన్లు పెట్టకు. ఆ ఉక్కకి కుర్రాడు పడిపోతాడు. సంక్రాంతి రోజుల్లో కానిచ్చేయ్. ఎండిన బోదెల షాట్లు మాత్రం కాలువలు కట్టేశాక వేసవిలో విడిగా తీసుకో. కీళ్ల చప్పుడుకి మీ అమ్మ కుట్టుమిషన్ మోటారు రికార్డు చేసి చూడు.

లాకుల దగ్గర షూటింగ్‌కి పర్మిషన్ ముందే తీసుకో. గట్టు దాటే ఆవిడ కోసం ఆర్టిస్టుని వెతక్కు, నాట్లు వేసేవాళ్లలోనే ఒకరిని అడుగు. ఆ పూట కూలి ముందే చేతిలో పెట్టు.

మీ మావయ్య,
అమలాపురం