మేనత్త ఉన్న ఊరా, అమ్మాయి కోరిన ఊరా?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. జర్మనీలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ, రెండోది పాడర్‌బోర్న్. మా ఆడపడుచు వాళ్లు మ్యూనిక్‌లోనే అద్దెకుంటారు. ‘మనవాళ్లున్న ఊరుండగా పేరు కూడా వినని చోటికి పంపేది లేదు’ అంటారు మావారు. అమ్మాయేమో పాడర్‌బోర్న్‌కే వెళ్తానని పట్టుబట్టింది. వారం నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఫీజులూ ఖర్చులూ అప్పు చేసే కట్టాలి. ఆడపడుచు కొడుకు కూడా అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. నేను ఎవరికి సర్దిచెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఉత్తరం చివర్లో ఆడపడుచు కొడుకు ప్రస్తావన ఊరికే రాలేదనుకుంటాను. ఆ సంబంధం మీ ఇంట్లో ఎవరి మనసులోనైనా ఉంటే, ముందు ఆ మాట బయటికి రావాలి. చదువు చాటున పెళ్లి మాట నడుస్తోందని అనుమానమొస్తే, ఆ ఊరి పేరెత్తగానే ఏ ఆడపిల్లైనా మొండికేస్తుంది. మీవారిని విడిగా కూర్చోబెట్టి సూటిగా అడగండి. అలాంటిదేం లేదంటే ఆ ముక్క ఆయన నోటితోనే అమ్మాయికి చెప్పించండి. ఉందంటే, అమ్మాయికి ఇష్టమో కాదో ఆమెనే అడగాలి. ఆ సంగతికీ ఈ సీటుకీ ముడి పెట్టకండి.

ఇక ఊళ్ల సంగతి. మ్యూనిక్ యూనివర్సిటీ పేరుకు తిరుగులేదు. సీమెన్స్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీల కేంద్ర కార్యాలయాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి, చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగాలూ ఎక్కువే. మీవారి మాటలో న్యాయం లేదనను. కానీ జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీ చదువంటే ఉచితమే అనుకుని ఆయన మాట్లాడుతుంటే మాత్రం లెక్క మారింది. 2024 శీతాకాలపు సెమిస్టర్ నుంచి ఈ యూనివర్సిటీ, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి కొత్తగా చేరేవాళ్ల దగ్గర మాస్టర్స్‌కి కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. నాలుగు సెమిస్టర్లకు 16,000 నుంచి 24,000. యూరోకి వంద రూపాయలే వేసుకున్నా 16 నుంచి 24 లక్షలు. ఫీజు మినహాయింపులు ఉన్నాయి, అమ్మాయి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వస్తుందని నమ్ముకుని మాత్రం అప్పు చేయకండి. పాడర్‌బోర్న్ ఉన్న రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోలు కడితే చాలు, రైలు టికెట్ కూడా అందులోనే వస్తుంది.

నెల ఖర్చు కూడా చూడండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చు ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) వేసే 11,904 యూరోలు ఏ ఊరికైనా ఒకటే. అందులోంచి నెలకు 992 చేతికొస్తాయి. మ్యూనిక్‌లో బయట షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది సుమారు 800, హెల్త్ ఇన్సూరెన్స్ 140కి పైనే. ఇక తిండికి మిగిలేది యాభై. పాడర్‌బోర్న్‌లో గది అద్దె అందులో ఇంచుమించు సగం.

‘మేనత్త ఇంట్లో ఉంటే అద్దె ఎందుకు?’ అంటారేమో. అద్దె ఇంట్లో మేనకోడల్ని నెలల తరబడి ఉంచుకోవాలంటే జర్మనీలో ఇంటి ఓనర్ అనుమతి కావాలి. పైగా అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. ఇల్లిచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం లేకపోతే ఆ నమోదు జరగదు, దాంతో తర్వాతి పనులన్నీ ఆగుతాయి. కంప్యూటర్ సైన్స్ క్లాసులు జరిగేది ఊళ్లో కాదు, ఉత్తరాన యూ6 మెట్రో వెళ్లే గార్చింగ్‌లో. మీ ఆడపడుచు ఇల్లు ఏ మూలన ఉందో ఒకసారి మ్యాప్‌లో చూడండి.

కాగితాలన్నీ కుదిరాయనే అనుకుందాం. మొదటి నెల పప్పూ పచ్చడీ ముద్దుగానే సాగుతుంది. ఆ తర్వాత ఒకరోజు గ్రూప్ ప్రాజెక్ట్ అయ్యి అమ్మాయి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరుతుంది. ఆమె తాళం తీసేలోపే తెనాలికి ఫోన్ వచ్చేస్తుంది, ‘అన్నయ్యా, ఇదింకా రాలేదు’ అని. మేనత్తది ప్రేమే, తప్పు పట్టలేం. కానీ ఆ ఫోన్లకు జవాబు చెప్పుకోవాల్సింది ఇంట్లో మీరే. చిన్న మాట పట్టింపొస్తే నష్టపోయేది అన్నాచెల్లెళ్ల బంధం.

పాడర్‌బోర్న్‌లో కష్టాలు లేవని కాదు. లక్షన్నర జనాభా, దాదాపు మీ తెనాలంత ఊరు. కంప్యూటర్ల తయారీలో పేరు పడ్డ నిక్స్‌డోర్ఫ్ కంపెనీ పెరిగి పెద్దదైన చోటు కాబట్టి అమ్మాయి చదువుకి అది మారుమూల కాదు. కానీ డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం షాపులు మూసేస్తారు. ఇంగ్లిష్‌తో క్లాసులు గడుస్తాయి గానీ చిన్న ఊళ్లో పార్ట్‌టైమ్ పని కావాలంటే జర్మన్ రావాలి. అమ్మాయికి అది ఏ మేరకు వచ్చు? ఈ ప్రశ్న మీవారు అడిగితే బాగుంటుంది, తండ్రి అడగాల్సిన ప్రశ్న అదే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు, దేశంలో ఎక్కడైనా వెతుక్కోవచ్చు. మ్యూనిక్‌కి అప్పుడూ వెళ్లొచ్చు.

నా ఓటు పాడర్‌బోర్న్‌కే. ఫీజు మినహాయింపూ, గార్చింగ్ వైపు హాస్టల్ గదీ రెండూ చేతికొస్తే మ్యూనిక్ గురించి మళ్లీ ఆలోచించండి, అమ్మాయి సరేనంటేనే. మీవారి భయానికి కూడా చోటివ్వాలి కదా. సెలవుల్లో మేనత్త ఇంటికెళ్లి వస్తానని, అత్యవసరానికి వాళ్ల నంబరే యూనివర్సిటీలో ఇస్తానని అమ్మాయి చేత తండ్రికి చెప్పించండి. మీ ఆడపడుచుకి ఈ నిర్ణయం ఇంకెవరి ద్వారానో తెలియకూడదు, మీరే ఫోన్ చేసి చెప్పండి. అమ్మాయిని మాత్రం ఈ వారంలోనే స్టూడెంట్ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టమనండి. చిన్న ఊరైనా వాటికి వెయిటింగ్ లిస్టు ఉంటుంది.